రంగు తర్వాత, ముందు చిప్ప చూడండి

రీఫ్ ట్యాంకులోకి, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులోకి, రాకాసి ఆల్చిప్ప (జెయింట్ క్లామ్) కొందామని షాపుకెళ్లినవాళ్ల కళ్లు తిన్నగా రంగు మీదికే పోతాయి. నెమలికంఠం నీలం, దాని మీద పసుపు మచ్చలు, అంచున నల్ల చుక్కల వరస. పోకేం చేస్తాయి, ఆ రంగు అలాంటిది. షాపువాళ్లకీ ఆ సంగతి తెలుసు. ధర చీటీ మీద జాతి పేరు ఉన్నా లేకపోయినా "అల్ట్రా బ్లూ" అని మాత్రం పెద్ద అక్షరాల్లో రాస్తారు. నా మాట వింటే రంగు ఆఖర్న చూడండి. ముందు చిప్ప చూడండి. అది ఏ జాతి, ఎంత పెద్దదవుతుంది, ఎంత లైటు అడుగుతుంది, ఇసక మీద పెట్టాలా రాయి మీద పెట్టాలా, ఈమధ్య పెరుగుతోందా లేక పెరుగుదల ఆగి నీరసిస్తోందా, ఇవన్నీ చిప్ప మీదే కనబడతాయి.

మాది కాకినాడ. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. హాల్లో నూట ఇరవై గ్యాలన్ల ట్యాంకు ఉంది. మా ఆయన దాన్ని ట్యాంకు అనరు, "నీ కరెంటు బిల్లు" అంటారు. ఇక్కడి మన కుర్రాళ్లలో ఈ పిచ్చి ఉన్నవాళ్లు కొందరు క్లామ్ కొనేముందు షాపులోంచే ఫోటో పెట్టి "అక్కా, తీసుకోమంటారా?" అని అడుగుతుంటారు. ఆ ఫోటో ఎప్పుడూ పైనుంచి తీసిందే. "తమ్ముడూ, పక్కనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీసి పంపు" అని రాస్తాను. అవెందుకో ఒకచోట వివరంగా రాసిపెడదామని ఇది.

కొనే ముందు చట్టం

హైదరాబాద్‌లోనూ వైజాగ్‌లోనూ ఉప్పునీటి ట్యాంకులు పెట్టేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. వాళ్లకి ముందే ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001 నుంచి ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వమోసా, హిప్పోపస్ హిప్పోపస్ అనే మూడు రాకాసి ఆల్చిప్ప జాతులు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న జాబితా అదే. లక్షద్వీప్‌లోనూ అండమాన్‌లోనూ బతికే క్లామ్‌లలో ముఖ్యమైనవి మాక్సిమా, స్క్వమోసాలే. రాతి పగడాలదీ అదే జాబితా. కాబట్టి ఎవరైనా "మన సముద్రంలోదే, చవగ్గా ఇప్పిస్తా" అంటే ఒప్పుకోకండి. ప్రాణమున్న క్లామే కాదు, అద్దాల బీరువాలో పెట్టుకుందామని తెచ్చుకునే ఖాళీ చిప్పకీ చట్టం వర్తిస్తుంది. ఇక్కణ్నుంచి నేను రాసేదంతా వీటిని చట్టప్రకారం కొనుక్కోగల దేశాల్లో ఉన్నవాళ్ల కోసం.

ఆ దేశాల్లో కూడా కాగితాల గొడవ లేకపోలేదు. రాకాసి ఆల్చిప్పల జాతులన్నీ, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందంలో రెండో అనుబంధం కింద ఉన్నాయి, దేశం దాటాలంటే పర్మిట్లు ఉండాలి. అమెరికాలో ఆ పని దిగుమతి చేసేవాళ్లు చూసుకుంటారు, షాపులో కొనే మనకు కనబడదు. అయితే 2024 జులైలో ఇక్కడి ప్రభుత్వ సంస్థ నోవా పది జాతుల్ని అంతరించిపోయే జీవుల చట్టం కిందికి తేవాలని ప్రతిపాదన పెట్టింది. గైగాస్, డెరాసా అనే జాతులు (వీటి సంగతి కింద రాశాను) నిజంగానే ప్రమాదంలో ఉన్నాయని, క్రోసియా, మాక్సిమా, స్క్వమోసా లాంటివి వాటిని పోలి ఉంటాయి కాబట్టి కలిపేయాలని ఆ ప్రతిపాదన. కొనే రోజున ఆ సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని కొనండి.

ఏ దేశంలో ఉన్నా హేచరీలో, అంటే సముద్రంలో పట్టకుండా గుడ్లనుంచి పెంచే కేంద్రంలో, పుట్టిందే అడగండి. 1980ల్లో పసిఫిక్ దీవి పలావులో, సముద్రజీవుల్ని పెంచే మారికల్చర్ కేంద్రంలో గెరాల్డ్ హెస్లింగా బృందం డెరాసా పిల్లల్ని పెద్ద ఎత్తున పెంచే పద్ధతి నిలబెట్టింది. ఇవాళ పసిఫిక్ దీవుల హేచరీలనుంచి ట్యాంకుల్లోకి వస్తున్న క్లామ్‌ల వెనక ఆ పని ఉంది. "ఎక్కడిదండీ ఇది?" అంటే ద్వీపం పేరు చెప్పగలిగిన షాపు మీద నాకు నమ్మకం ఎక్కువ. భుజాలెగరేసే షాపులో బేరం కూడా ఆడను.

చిప్పలో ఏ భాగం ఎక్కడ

రెండు చిప్పల మధ్యనుంచి పైకి పొర్లి అంచుల మీద పరుచుకునే కండ మాంటిల్. రంగులన్నీ అక్కడివే. దానిలో జూజాంథెల్లీ అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. వెలుగు పడితే అవి చక్కెరలు తయారుచేసి క్లామ్‌కి పెడతాయి, క్లామ్ విసర్జించే అమ్మోనియాని అవి వాడుకుంటాయి. క్లామ్‌కి సగానికి పైగా బతుకు ఈ ఏర్పాటు మీదే. మిగతాది నీళ్లలోంచి వడకట్టుకునే తిండి.

మాంటిల్ మీద రెండు కంతలుంటాయి. పొడుగ్గా చీలికలా ఉండేది నీళ్లు లోపలికి పీల్చుకునేది. పైకి లేచిన చిన్న గొట్టంలా ఉండేది నీళ్లు బయటికి వదిలేది. పీల్చే కంత అంచున కొన్ని జాతులకి మీసాల్లాంటి పోగులుంటాయి, కొన్నిటికి ఉండవు. జాతి పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చిప్ప. రెండు చిప్పలూ కలిసేచోట కీలు. కీలు పక్కనే, అడుగువైపు ఒక ఖాళీ ఉంటుంది. దాన్ని నేను అడుగు కంత అంటాను. క్లామ్ కాలు అందులోంచే బయటికొస్తుంది, బైసస్ అనే దారపు పోగులు వదిలి రాతికి అంటుకుంటుంది. చిప్ప మీద కిందనుంచి పైకి పోయే పెద్ద పెద్ద మడతలుంటాయి. ఆ మడతల మీద అడ్డంగా లేచి నిలబడే పలకల్ని పొలుసులు అందాం. ఈ మూడూ, అంటే అడుగు కంత ఎంత వెడల్పు, మడతలెన్ని, పొలుసులెలా ఉన్నాయి అన్నది చూస్తే చాలు, షాపుల్లో దొరికే జాతుల్లో ఏదో దాదాపు చెప్పేయచ్చు.

జాతులు

మాక్సిమా గురించి ఎక్కువ రాయాలి, షాపుల్లో ఎక్కువ కనబడేది అదే, జనం ఎక్కువ పోగొట్టుకునేదీ అదే. ఎర్రసముద్రం, తూర్పు ఆఫ్రికా తీరంనుంచి పాలినేషియా దాకా ఉంది. రాకాసి ఆల్చిప్పల్లో ఇంత విస్తారంగా వ్యాపించిన జాతి ఇంకోటి లేదు. చిప్ప పొడుగ్గా, ఒకవైపుకి సాగినట్టు ఉంటుంది. కీలు మధ్యలో ఉండదు, ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. పొలుసులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. అడుగు కంత వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే ఇది జన్మంతా రాతిని పట్టుకునే బతుకుతుంది. సముద్రంలో ముప్ఫై సెంటీమీటర్లు దాటుతుంది. మాంటిల్ అంచున నల్లటి చుక్కల్లాంటి కళ్లు వరసగా కనబడతాయి. లైటు బాగా కావాలి.

క్రోసియా వీటిలో అన్నిటికన్నా చిన్నది. పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. చిన్న ట్యాంకువాళ్లకి ఇదే సరిపోతుందని షాపువాళ్లు అంటారు, కొలత మాటకొస్తే నిజమే. కాని లైటు విషయంలో ఇది మాక్సిమా అంత మొండిది. సముద్రంలో ఇది పగడపు రాతిని తొలుచుకుని లోపలికి దిగిపోతుంది, మాంటిల్ మాత్రం పైన పరుచుకుంటుంది. ఆ రాపిడికి పొలుసులు అరిగిపోయి పై అంచు దగ్గరే కొన్ని మిగులుతాయి. కింద భాగం నున్నగా ఉంటుంది. అడుగు కంత చిప్ప సైజుకి చాలా పెద్దది. చిప్పకి పసుపు, నారింజ ఛాయ ఉండచ్చు.

రెండంగుళాల మాక్సిమాని, రెండంగుళాల క్రోసియాని వేరుచేయడం అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే. పక్కనుంచి చూడండి. కీలుకి రెండువైపులా దాదాపు సమానంగా ఉండి, పొలుసులు పొట్టిగా ఉంటే క్రోసియా వైపు మొగ్గుతాను. ఒకవైపు సాగి, పొలుసులు నిలబడి ఉంటే మాక్సిమా. రెండిటికీ లైటు ఒకేలా ఇవ్వాలి కాబట్టి పొరబడినా కొంప మునగదు. సైజు దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది.

మాక్సిమా అని అమ్మేవాటిలో ఒక్కోసారి నోయీ కూడా ఉంటుంది. మాంటిల్ మీద తెల్లటి గీత చుట్టిన కన్నీటిబొట్టు ఆకారపు మచ్చలుంటాయి. దాన్ని మళ్లీ వేరే జాతిగా లెక్కలోకి తీసుకున్నది 2014లో. అంతకుముందు దాన్నే "టియర్‌డ్రాప్ మాక్సిమా" అనేవాళ్లు. పోషణ మాక్సిమాదే.

స్క్వమోసాని చూస్తే ఎవరైనా పోల్చుకుంటారు. పొలుసులు పెద్దపెద్దవి, వెడల్పైనవి, ఒకదానికీ ఒకదానికీ మధ్య వేలు దూరేంత ఎడం ఉంటుంది. చిప్ప రెండువైపులా సమానంగా ఉంటుంది. అడుగు కంత చిన్నది. నీళ్లు పీల్చే కంత చుట్టూ కొమ్మలు కొమ్మలుగా మీసాలు. రంగు ఎక్కువగా గోధుమ, బంగారు కలిసిన మచ్చలు, కొన్నిటికి నీలం. నలభై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. లైటు మధ్యరకం చాలు. మొదటి క్లామ్ ఏది కొనాలంటే నేను చెప్పే రెండు పేర్లలో ఇదొకటి.

రెండోది డెరాసా. దీని చిప్ప మీద చెయ్యి వేస్తే నున్నగా ఉంటుంది, పొలుసులుండవు. మడతలు వెడల్పుగా, అంత లోతు లేకుండా ఆరేడు ఉంటాయి. అడుగు కంత సన్నటి చీలిక. మాంటిల్ మీద చారలు, నారింజ, పసుపు, నీలం. మాక్సిమా మెరుపు దీనికి లేదనుకోండి. కాని అలవాటు పడటంలో, తట్టుకోవడంలో దీన్ని మించింది లేదు. చిక్కేమిటంటే గబగబా పెరుగుతుంది, ఏడాదికి రెండంగుళాలు పెరగడం మామూలే. సముద్రంలో అరవై సెంటీమీటర్ల జీవి. నలభై గ్యాలన్ల ట్యాంకులో పెడితే రెండు మూడేళ్లలో మీరు ట్యాంకు మార్చాలి, లేదా దాన్ని ఇంకొకరికి ఇవ్వాలి.

గైగాస్ అసలు రాకాసి. 1817లో సుమత్రా తీరంలో దొరికిన దాని పొడుగు 137 సెంటీమీటర్లు. ఇంటి ట్యాంకు దీనికి చోటు కాదు, ఎవరైనా బుల్లిపిల్లని చూపించి ఆశపెట్టినా వద్దనండి. గుర్తుపట్టడం తేలిక: నాలుగైదు లోతైన మడతలు, పై అంచున త్రికోణాల్లా పొడుచుకొచ్చిన కొసలు, పీల్చే కంతకి మీసాలు లేకపోవడం. డెరాసా పిల్లకి మీసాలుంటాయి, గైగాస్ పిల్లకి ఉండవు.

హిప్పోపస్‌ని జనం పట్టించుకోరు, నాకిష్టం. బరువైన చిప్ప, దాని మీద ఎర్రటి చారలు. మాంటిల్ చిప్ప దాటి బయటికి రాదు, అంచు దగ్గరే ఆగుతుంది. పెద్దదయ్యాక అడుగు కంత మూసుకుపోయి, చిప్ప పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటాయి. ఇసక మీద ఊరికే కూర్చుంటుంది. దొరకడమే కష్టం.

నీలం రంగు మాయ

క్లామ్ నీలం, ఆకుపచ్చ రంగులు అద్దకం రంగులాంటివి కావు. ఇరిడోసైట్లు అనే కణాల్లోని పలుచటి పొరలు వెలుగుని తిప్పికొట్టడంవల్ల ఆ మెరుపు వస్తుంది. అందుకే ఏ కోణంనుంచి చూస్తున్నారన్నదాన్ని బట్టి రంగు మారిపోతుంది. షాపుల్లో క్లామ్‌లని లోతు తక్కువ తొట్లలో పెట్టి, నీలం లైటు వేసి, పైనుంచి చూపిస్తారు. మన ఇంట్లో మనం ట్యాంకుని చూసేది సోఫాలో కూర్చుని, పక్కనుంచి. పైనుంచి కరెంటు నీలంగా ఉన్న మాక్సిమా పక్కనుంచి మట్టిరంగులో కనబడటం మామూలు.

అందుకని షాపువాణ్ని అడిగి లైటు తెలుపు వైపు మార్పించండి. వీలైతే గాజు ట్యాంకులోకి మార్పించి కళ్లెదురుగా, మీ ఇంట్లో అది ఉండబోయే ఎత్తులో పెట్టి చూడండి. అప్పటికీ నచ్చితే అప్పుడు రంగుకి డబ్బులు పెట్టండి. స్క్వమోసా, డెరాసా పక్కనుంచి కూడా అందంగానే ఉంటాయి, మాంటిల్ మడతలు మడతలుగా చిప్ప మీదికి వాలుతుంది కాబట్టి. ట్యాంకు ఎత్తు తక్కువై, పైకి నిలబడి చూసే అలవాటున్నవాళ్లకి మాక్సిమా పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది.

షాపులో

మధ్యాహ్నం వెళ్లండి. లైట్లు వెలిగి రెండు మూడు గంటలు గడిస్తేగాని క్లామ్ పూర్తిగా విచ్చుకోదు. తలుపులు తీయగానే వెళితే మంచి క్లామ్ కూడా ముడుచుకునే కనబడుతుంది.

ముందు చెయ్యి నీడ వేయండి, నీళ్లలో ముంచక్కర్లేదు. ఆరోగ్యంగా ఉంటే మాంటిల్ చటుక్కున లోపలికి లాక్కుని చిప్ప మూస్తుంది, కాసేపటికి మళ్లీ తెరుచుకుంటుంది. రోజంతా జనం తిరిగే షాపులో నీడలకి అలవాటుపడి కాస్త మెల్లగా స్పందించచ్చు. అసలు కదలకపోతే మాత్రం వదిలేయండి.

తర్వాత పీల్చే కంత. అది సన్నటి చీలికలా, అంచులు దగ్గరగా ఉండాలి. బిగదీసి లాగినట్టు వెడల్పుగా నోరు తెరుచుకుని, లోపలి మొప్పలు బాహాటంగా కనబడుతుంటే అది ఆపదలో ఉన్నట్టు. మాంటిల్ మధ్యలో తెల్లబారి, అద్దంలా ఉంటే శైవలాలు పోయినట్టు, అంటే బ్లీచ్ అయినట్టు. అంచు ఒకచోట ముడతపడి నొక్కేసినట్టుంటే దాన్ని పించ్‌డ్ మాంటిల్ అంటారు. మంచినీళ్ల స్నానంతో నయం చేశామని చెప్పేవాళ్లున్నారు. వాళ్ల ఓపికకి దండం. మనం కొనబోయేదానికి అలాంటి జబ్బు ఎందుకు?

ఇప్పుడు చిప్ప పై అంచు. దీని దగ్గర తీరిగ్గా నిలబడండి, ఫోన్ టార్చి వేసి చూడండి. పెరుగుతున్న క్లామ్‌కి పై అంచు వెంట కొత్తగా పోసిన పలుచటి గీత ఉంటుంది, పాలతెలుపు, కాగితంలా సన్నగా, ఏ నాచూ అంటకుండా. దాని కింద పాత చిప్ప మీద ఆకుపచ్చ నాచో, కోరలైన్ అనే గట్టి ఊదారంగు నాచో పట్టి ఉంటుంది. ఆ నాచు, ఆ ఊదారంగు అంచు కొస దాకా వచ్చేసి తెల్లగీత లేదంటే చిప్ప పెరగడం మానేసి చాలాకాలమైందన్నమాట. మాంటిల్ ఎంత మెరిసిపోతున్నా సరే, నేనైతే దాన్ని తీసుకోను. అంచుకీ కండకీ మధ్య ఒకవైపు ఖాళీ ఏర్పడి, లోపలి తెల్లచిప్ప కనబడుతున్నా అంతే.

ఆఖరిది అడుగు. "కాస్త తిప్పి చూపిస్తారా?" అనండి. నీళ్లలోనే, మెల్లగా. మంచి షాపులో విసుక్కోరు. అడుగు కంతలో కాలు చెక్కుచెదరకుండా ఉండాలి, దారపు పోగులు కనబడితే ఇంకా మంచిది. రాతికి అంటుకున్నదాన్ని పట్టి లాగితే ఆ పోగులతోపాటు కాలి గ్రంథి ఊడొస్తుంది. జిగురుముద్దలా వేలాడుతుంటే ఆ పనే జరిగింది, అది ఎక్కువ రోజులు బతకదు. షాపులో మీకోసం తీసేటప్పుడు కూడా చూస్తూ నిలబడండి. బ్లేడుతో రాయికి ఆనించి పోగుల్ని కోయాలి. పోగులు మళ్లీ వస్తాయి, కాలు రాదు. చిన్న పలక మీద అంటుకుని ఉన్నదైతే పలకతో సహా తెచ్చుకోండి, ఆ రెండు డాలర్ల దగ్గర బేరం వద్దు.

తిప్పి చూస్తున్నప్పుడే నత్తలకోసం వెతకండి. పిరమిడెల్లిడ్ నత్తలు బియ్యపుగింజంత, తెల్లగా, మొన తేలి ఉంటాయి. పగలు అడుగు కంత దగ్గరా పొలుసుల కిందా దాక్కుని, రాత్రి పైకి ఎక్కి మాంటిల్ అంచున గొట్టం దించి రసం పీలుస్తాయి. వాటి గుడ్లు చిప్ప మీద పారదర్శకంగా, జిగురుబొట్లలా ఉంటాయి. ఒకటి రెండే కనబడ్డాయి కదా అనుకోవద్దు, పిల్లలు పెట్టడంలో వాటికి సాటిలేదు. గుండ్రటి చిన్న నత్తలు కనబడితే మాత్రం కంగారు వద్దు, అవి నాచు తినేవి. ఇంటికి తెచ్చాక ఏ క్లామ్‌నైనా బకెట్టులో ట్యాంకు నీళ్లు పోసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో చిప్పంతా, పొలుసుల సందులతో సహా తోమాలి. మాంటిల్ జోలికి పోకూడదు. వారానికోసారి చొప్పున కొన్ని వారాలు, రాత్రి టార్చితో చూసుకుంటూ. గుడ్లు పొదగడం వల్ల ఒక్కసారితో పని అవదు.

సైజు మాటకొస్తే మూడు నాలుగంగుళాలది కొనండి. రెండంగుళాల లోపువి ముచ్చటగా ఉంటాయి, చవక కూడా. కాని నిలవ ఉన్న శక్తి తక్కువ, చిన్న ఒడిదుడుక్కే పోతాయి. అలాగని ఎనిమిదంగుళాల పెద్ద మాక్సిమా కొత్తచోట కుదురుకోవడానికి మొరాయిస్తుంది.

ఇంట్లో

ట్యాంకు పెట్టి కనీసం ఆర్నెల్లు, ఏడాదైతే ఇంకా మేలు, గడిచాకే క్లామ్. ఉప్పు సాంద్రత 1.025 నుంచి 1.026, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1300కి పైన. అంకెలకన్నా అవి ఊగకుండా ఉండటం ముఖ్యం. మా కాకినాడ వైపు గుల్లల్ని కాల్చి సున్నం చేసేవాళ్లు. ఆ సున్నమంతా ఆ జీవి నీళ్లలోంచి లాగి చిప్పగా పేర్చుకున్నదే. మీ డెరాసా కూడా అదే పని మీ ట్యాంకులో చేస్తుంది. అది పెరిగేకొద్దీ ఆల్కలినిటీ రోజూ ఎంత పడుతోందో కొలిచి, ఆ లోటు తీర్చే మందుల మోతాదు (డోసింగ్) పెంచుకుంటూ పోవాలి. నైట్రేటు సున్నా ఉండాలని పట్టుబట్టకండి, క్లామ్‌కి కొద్దిగా కావాలి. 2 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. చేపలుండి, వాటికి మేత వేస్తున్న ట్యాంకులో క్లామ్‌కి ప్రత్యేకంగా సీసా తిండి అక్కర్లేదు. రాగి కలిసిన చేపల మందు మాత్రం ఆ ట్యాంకు దరిదాపులకి రానివ్వద్దు.

లైటు ఊహతో పెట్టేది కాదు. శైవలాలకి పనికొచ్చే వెలుగుని కొలిచే పార్ మీటరు కొనాలంటే ఖరీదు, ఇక్కడ చాలా ఊళ్లలో రీఫ్ క్లబ్బులు సభ్యులకి అరువిస్తాయి. ఆ మీటరు మీద స్క్వమోసాకి, డెరాసాకి 150 నుంచి 250 దాకా, మాక్సిమాకి, క్రోసియాకి 250 నుంచి 400 దాకా ఉండే చోటు వెతికి పెట్టుకోండి, క్లామ్ కొనకముందే. షాపులో అది ఎంత లైటులో ఉందో కూడా అడగండి. తెచ్చిన రోజే పూర్తి లైటు కొట్టకూడదు. ఎల్‌ఈడీని సగానికి కాస్త పైన ఉంచి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి.

సంచిని అరగంట తేలేసి, చుక్కలు చుక్కలుగా నీళ్లు కలిపి, ఆ తర్వాత దింపండి. సంచి నీళ్లు ట్యాంకులో పోయొద్దు. నీళ్లలోకి దించాక మెల్లగా అటూ ఇటూ వంచితే లోపల ఇరుక్కున్న గాలిబుడగలు పోతాయి. స్క్వమోసా, డెరాసా ఇసక మీద. మాక్సిమా, క్రోసియా రాతి మీద, దొర్లిపోకుండా చిన్న గుంట ఉన్నచోట. ఏదైనా సరే కింద చదునైన పలకరాయి ఒకటి పెట్టండి. దానికి అంటుకున్నాక చోటు మార్చాలంటే పలకతో సహా ఎత్తచ్చు, లేకపోతే అది పెద్ద రాతికి అంటుకుని కూర్చుంటుంది, మళ్లీ బ్లేడు తీయాలి. నీటి పోటు మాంటిల్ అంచుని మెల్లగా ఊపాలి, తిప్పి మడిచేయకూడదు. టార్చ్ కోరల్, ఎనిమోన్ అందేంత దూరంలో పెట్టకండి, అవి కుడతాయి. మొదటి వారం అది దొర్లి పక్కకి పడుతుంటే నిలబెట్టండి, అంతేగాని రోజుకో చోటికి మార్చకండి. అంటుకునే అవకాశమే దానికి ఉండదు.

చేపల సంగతి క్లామ్‌కన్నా ముందు తేల్చుకోవాలి. ఏంజెల్ చేపలు, కోరల్ బ్యూటీ, ఫ్లేమ్ లాంటి చిన్నవి కూడా, మాంటిల్‌ని కొరకచ్చు. సీతాకోక చేపలు, పఫర్లు, ట్రిగ్గర్లు ఉంటే ఆశ వదులుకోండి. ఆరుచారల రాస్ అనే చేప నత్తల్ని తింటుందని దాన్ని తెచ్చేవాళ్లున్నారు, కొంత నిజమే, కాని అది టూత్‌బ్రష్‌కి బదులు కాదు. క్లామ్ పగలంతా పదేపదే మూసుకుంటుంటే, నీళ్ల అంకెలన్నీ బాగానే ఉంటే, కుర్చీ వేసుకుని గది లైట్లు ఆర్పి దూరంగా కూర్చోండి. మనిషి ఎదురుగా నిలబడితే చేపలు మేతకోసం గాజు దగ్గరికి వచ్చేస్తాయి, దొంగ దొరకదు. కొరికేది ఏదో తేలాక ఆ చేపని బయటికి తీయగలరా, లేదా? రాళ్లన్నీ కదిపితేగాని దొరకని చేపైతే క్లామ్‌నే తిరిగి షాపుకివ్వడం నయం, చాలా షాపులు సగం ధరకైనా తీసుకుంటాయి.